నాయనమ్మకు ట్యూషన్

“ఆకు, బకెట్, గుర్రం. ఏదీ, చెప్పు నాయనమ్మా!”

“ఆకు... బకెట్...” నాయనమ్మ ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను ఏమీ సాయం చేయలేదు. “ఆ మూడోదానికి నాలుగు కాళ్లుంటాయి.”

“అవును! ఏంటది?”

“మంచం.”

పంతులమ్మ నెత్తి కొట్టుకుంది.

పంతులమ్మ అంటే బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మ కాదు. అయిదో తరగతి చదివే పిల్ల. కానీ ఇంట్లో ఎవరు ఏ పొరపాటు చేసినా వదిలిపెట్టదు. నాన్న ఫోన్‌లో మెసేజ్ రాస్తుంటే వెనక నిలబడి తప్పులు దిద్దుతుంది. అమ్మ పాట పాడుకుంటుంటే “ఆ ముక్క అలా కాదు” అంటుంది. ఒకసారి ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చినతన్ని పదమూడో ఎక్కం అడిగింది. అతను స్క్రూలు లెక్కపెట్టుకోవడం కూడా మర్చిపోయి వెళ్లిపోయాడు. అప్పుడు నాన్న పెట్టిన పేరు అది. అసలు పేరు బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెక్కడా వినబడదు.

నాయనమ్మ ఒకప్పుడు పెద్ద రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పేది. ఆమె నోరు విప్పితే చాలు, స్టేషన్ మొత్తం సామాన్లు మోసుకుని పరుగు తీసేది. ఇప్పటికీ ఆ గొంతు ఖంగుమంటుంది. కానీ కొంతకాలంగా ఆమెకు మాటలు, మనుషులు, రోజులు అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. కళ్లజోడు ఫ్రిజ్‌లో పెడుతుంది. పాల ప్యాకెట్టు చెప్పుల స్టాండులో పెడుతుంది. ఇప్పుడే తిన్న బ్రెడ్డు గురించి అడిగితే, “ఈ ఇంట్లో నాకెవరు పెడతారమ్మా బ్రెడ్డు!” అంటుంది, మూతి మీద జామ్‌తో సహా.

కిందటిసారి అమ్మతోపాటు పంతులమ్మ కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ నాయనమ్మను చాలా ప్రశ్నలు అడిగింది. ఇవాళ ఏం వారం? ఇది ఏ నెల? ఆఖరికి, “మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండమ్మా. ఆకు, బకెట్, గుర్రం” అంది. కాసేపయ్యాక అడిగితే నాయనమ్మ ఒక్కటీ చెప్పలేకపోయింది. డాక్టరమ్మ కాగితం మీద మార్కులు వేసింది. పంతులమ్మ మెడ సాచి చూసింది. మార్కులు మరీ తక్కువ.

పంతులమ్మకు తల కొట్టేసినట్టయింది. తమ ఇంట్లో ఒకరు ఫెయిలవడమా! అదీ తను ఉండగా!

‘వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు కదా. ఈలోగా బట్టీ పట్టించేస్తా,’ అనుకుంది. తన పక్క బెంచీ అబ్బాయి ట్యూషన్‌లో చేరాకే లెక్కల్లో పాసయ్యాడు. నాయనమ్మ మాత్రం ఎందుకు పాసవదు?

అలా మొదలైంది ట్యూషన్. పంతులమ్మ స్కూలు బస్సు దిగి, బూట్లు కూడా విప్పకుండా నాయనమ్మ ముందు నిలబడేది.

“నేనెవర్ని? చెప్పు చూద్దాం.”

“మంచి పిల్లవి.”

“అది జవాబు కాదు. నా పేరేంటి? ఇవాళ ఏం వారం? నిన్నే కదా చెప్పాను!”

నాయనమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకునేది. పంతులమ్మ అది గమనించలేదు. ఆమె చూపంతా తప్పుల మీదే.

ఒకరోజు మాత్రం అద్భుతం జరిగింది. పంతులమ్మ విసిగిపోయి, “పోనీ, మైకులో చెప్పినట్టు చెప్పు నాయనమ్మా” అని దువ్వెన చేతికిచ్చింది. నాయనమ్మ నిటారుగా కూర్చుంది. దువ్వెన నోటి దగ్గర పెట్టుకుంది.

“దయచేసి వినండి! ఆకు, బకెట్ మీదుగా వెళ్లు గుర్రం మరికొద్దిసేపట్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును!”

పంతులమ్మ గంతులేసింది. పాస్! ఇక తిరుగులేదు!

అయితే ఇంట్లో కొత్త తంటా ఒకటి మొదలైంది. సాయంత్రం బస్సు హారన్ వినబడితే చాలు, నాయనమ్మ గబగబా బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది.

“అత్తయ్యా, కడుపులో బాగోలేదా?” అమ్మ కంగారుగా తలుపు తట్టేది.

“బాగానే ఉంది.”

“మరి లోపల ఏం చేస్తున్నారు?”

“కూర్చున్నా.”

అమ్మ నాయనమ్మకు పాలు ఆపేసింది. అరటిపండు పెట్టి చూసింది. అరటిపండు ఆపేసి చూసింది. లాభం లేకపోయింది. పంతులమ్మ మాత్రం ట్యూషన్ ఆపలేదు. తలుపు బయటే నిలబడి, “ఇది ఏ నెల నాయనమ్మా?” అని అరిచేది. వెంటనే లోపల కొళాయి విప్పిన చప్పుడు వచ్చేది. మళ్లీ అడిగితే ఇంకాస్త గట్టిగా విప్పిన చప్పుడు వచ్చేది.

పరీక్ష రోజు రానే వచ్చింది.

పంతులమ్మ పూర్తిగా సిద్ధమై వెళ్లింది. మాటలు ఎలాగూ వచ్చేశాయి. వారాల కోసం సైగలు కూడా నేర్పించింది. ముక్కు పట్టుకుంటే సోమవారం, చెవి పట్టుకుంటే మంగళవారం, మెడ పట్టుకుంటే బుధవారం.

“ఇవాళ ఏం వారం అమ్మా?” డాక్టరమ్మ అడిగింది.

ఆమె కుర్చీ వెనక నిలబడి పంతులమ్మ రెండు చేతులతో మెడ పట్టుకుంది. నాయనమ్మ ఆ పిల్లనే చూసింది. ఆమె మొహం జాలితో నిండిపోయింది.

“పాపం, పిల్లకి మెడ పట్టేసినట్టుంది. నన్ను తర్వాత చూద్దురుగాని, ముందు దాన్ని చూడండి డాక్టరుగారూ.”

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. పంతులమ్మ గభాలున మెడ గోక్కుంది.

“సరే, ఇప్పుడు మూడు మాటలు—” డాక్టరమ్మ అంటుండగానే నాయనమ్మ బల్ల మీది టార్చిలైటు నోటి దగ్గర పెట్టుకుంది.

“దయచేసి వినండి! ఆకు, బకెట్ మీదుగా వెళ్లు గుర్రం...”

ఖంగుమన్న ఆ గొంతుకి గది కిటికీలు అదిరాయి. బయట వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన ఉలిక్కిపడి, సంచీ చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

“నేనింకా మాటలు చెప్పనేలేదమ్మా!” డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ అంది. “అయినా ఈసారి అవి కావు, వేరేవి.”

“సిలబస్ మార్చేశారా?” పంతులమ్మ కేక పెట్టింది.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. అమ్మ కళ్లు పెద్దవి చేసి చూసింది. పంతులమ్మ నోరు మూసుకుంది, కాస్త ఆలస్యంగా.

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. “సాయంత్రం అయ్యేసరికి బాత్రూమ్‌లోకి వెళ్లి కూర్చుంటున్నారట. ఎందుకమ్మా? కడుపు నొప్పా?”

నాయనమ్మ చుట్టూ చూసి, ముందుకు వంగి, రహస్యం చెప్పింది. అయితే ఆమె గొంతులో రహస్యం కూడా అందరికీ వినబడుతుంది.

“ఒక బస్సు వస్తుందండీ. దాంట్లోంచి ఒక పిల్ల దిగుతుంది. పిల్ల మంచిదే, వంక పెట్టడానికి లేదు. కానీ వచ్చీరాగానే నేనెవర్ని, ఇదేం వారం అంటుంది. నాకు రావు. అన్నిసార్లు రాకపోతే ఇక ఆ ఇంట్లో ఉండనివ్వరేమో అని... లోపలికి వెళ్తాను.”

అమ్మ కళ్లు తుడుచుకుంది. పంతులమ్మ తన బూట్ల వైపు చూసుకుంది. మొదటిసారి ఆమెకు దిద్దడానికి ఏమీ దొరకలేదు.

“ఆ పిల్లని నేనే,” అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. “నాయనమ్మ పాసవ్వాలనే చేశాను.”

“తెలుసు,” అంది డాక్టరమ్మ. “నీకు జ్వరం వస్తే మీ అమ్మ థర్మామీటర్ పెడుతుంది కదా. అప్పుడు నోట్లో ఐసుముక్క దాచుకున్నావనుకో, జ్వరం తగ్గిపోయినట్టా?”

“కాదు. థర్మామీటర్ మోసపోయినట్టు.”

“ఈ ప్రశ్నలూ అంతే. జబ్బు ఎంత ఉందో నేను చూసుకోవడానికి. పాసు, ఫెయిలు ఏమీ లేవు.”

“ట్యూషన్ చెబితే జబ్బు తగ్గదా?”

“నాయనమ్మ చదవక మర్చిపోవడం లేదమ్మా. మెదడులో గుర్తుపెట్టుకునే చోటే దెబ్బతింది. కాలు విరిగినవాళ్లను పరుగెత్తమంటే ఏం జరుగుతుంది? నువ్వడిగిన ప్రశ్న ఆవిడ మర్చిపోతుంది. కానీ నువ్వు ఏ మొహంతో అడిగావో, అది చూసి పుట్టిన భయం మాత్రం లోపల ఉండిపోతుంది. అందుకే హారన్ వినగానే పరుగు.”

పంతులమ్మ ముక్కు ఎగపీల్చింది. “మరి నేనేం చెయ్యాలి?”

“జవాబులు నీకు తెలుసు కదా. నువ్వే చెప్పెయ్యి.”

“అది కాపీ కదా!”

“పరీక్షే లేనప్పుడు కాపీ ఏంటి?”

ఇంటికి వెళ్లేదాకా పంతులమ్మ ఆ మాటే ఆలోచించింది.

మర్నాడు బస్సు హారన్ మోగింది. బాత్రూమ్ గడియ టక్కుమంది. పంతులమ్మ బ్యాగు దించి, తలుపు పక్కన నేల మీద కూర్చుంది.

“నాయనమ్మా!”

కొళాయి చప్పుడు మొదలైంది.

“నేను నీ మనవరాల్ని. మీ అబ్బాయి కూతుర్ని. స్కూలు నుంచి వచ్చాను. ఇవాళ గురువారం.”

కొళాయి ఆగలేదు. పంతులమ్మకు ఇంకేం చెప్పాలో తోచలేదు. ప్రశ్నలు లేకుండా మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. నోటి చివరిదాకా వచ్చిన ‘ఏం చేస్తున్నావ్?’ని కూడా మింగేసింది. ఆ రోజు తలుపు అమ్మ వచ్చి పిలిస్తే గానీ తెరుచుకోలేదు.

తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాతి వారం ఒక సాయంత్రం పంతులమ్మ చెప్పుకుంటూ పోతోంది. “ఇవాళ బస్సులో నా వెనక సీటు అబ్బాయి నిద్రపోయాడు. వాళ్ల స్టాపు దాటిపోయింది. డ్రైవర్ బస్సుని మళ్లీ వెనక్కి తిప్పాడు.”

నీళ్ల చప్పుడు తగ్గింది.

“స్టాపు వచ్చిందని చెప్పలేదా వాళ్లు?” లోపల్నుంచి గొంతు వచ్చింది.

“చెప్పలేదు.”

“అదేం పద్ధతి! మనిషి అన్నాక నిద్రపోతాడు. చెప్పాల్సింది చెప్పేవాళ్లు!”

గడియ తీసిన చప్పుడయింది. నాయనమ్మ తల బయటికి పెట్టింది. “దిగాడా చివరికి?”

“దిగాడు. బూటు ఒకటి బస్సులోనే వదిలేశాడు.”

నాయనమ్మ పకపకా నవ్వింది. ఇద్దరూ హాల్లోకి వచ్చి కూర్చుని బిస్కెట్లు తిన్నారు. నాయనమ్మ బూటు సంగతి మళ్లీ అడిగింది. పంతులమ్మ మళ్లీ చెప్పింది. నాయనమ్మ మళ్లీ అంతే గట్టిగా నవ్వింది. ఒకే జోకుకి ఇన్నిసార్లు నవ్వేవాళ్లు ఇంట్లో ఉండటం ఎంత బాగుంటుందో పంతులమ్మకు అప్పుడే తెలిసింది.

తర్వాత బస్సు వచ్చే వేళకు నాయనమ్మ కొన్ని రోజులు లోపలికి వెళ్లేది, కొన్ని రోజులు సోఫాలోనే ఉండేది. సోఫాలో ఉండే రోజులే ఎక్కువయ్యాయి.

ఒక ఆదివారం, పై అంతస్తు ఆంటీ ఊరి నుంచి వచ్చింది. చాలా రోజులైంది కదా అని పలకరించడానికి దిగి, వస్తూనే నాయనమ్మ ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఏమండీ పిన్నిగారూ! నేనెవర్నో చెప్పుకోండి చూద్దాం!”

నాయనమ్మ చెయ్యి చీర కొంగు మీదికి వెళ్లింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఈసారి పంతులమ్మ అది చూసింది. ఒక్క ఉదుటున వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది.

“నాయనమ్మా, ఈవిడ పై ఇంట్లో ఉండే ఆంటీ. వాళ్ల ఊరు వెళ్లి వచ్చారు. నువ్వంటే చాలా ఇష్టం.”

“అయ్యో, నువ్వు చెప్పేస్తే ఎలాగే?” ఆంటీ ఉసూరుమంది. “ఆవిడతో చెప్పించాలి. అప్పుడే కదా బుర్ర పదునెక్కేది!”

“కుదరదు ఆంటీ. మా ఇంట్లో సెలవులిచ్చేశాం.”

ఆంటీకి ఏమీ అర్థం కాలేదు. అయినా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఊళ్లో వానల గురించి, బస్సులో పోయిన గొడుగు గురించి చెప్పుకుంటూ పోయింది. నాయనమ్మ వేలికున్న కొంగు వదిలేసి, తలూపుతూ వింది. మధ్యలో పంతులమ్మ వైపు వంగి, గుసగుసలాడాననుకుని గది అంతా వినబడేలా అడిగింది.

“మంచావిడలా ఉంది. ఎవరే ఈవిడ?”

“పై ఇంట్లో ఉండే ఆంటీ, నాయనమ్మా. వాళ్ల ఊరు వెళ్లి వచ్చారు,” అంది పంతులమ్మ, మొదటిసారి చెబుతున్నట్టు.