తాడు అవతలి కొస

భవాని పేట్‌లో పొద్దుగూకినంక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ పోరు. పోక తప్పకపోతే చెప్పులు చేతబట్టుకుని, ఊపిరి బిగబట్టి దాటుతారు. పందొమ్మిది వందల ఎనభై ఆరు నుంచీ ఇంతే అంటారు.

సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుస్తున్నంతసేపూ ఆ చప్పుడులో ఇంకేదీ చెవిన పడదు. కానీ కరెంటు పోయిందా — పేటంతా ఒక్కసారిగా మూగబోతుంది. అప్పుడు వినబడేది. మూసిన తలుపుల వెనక నుంచి... సర్ర్‌ర్... టక్. తాడు లాగిన చప్పుడు. ముడి బిగిసిన చప్పుడు.

అది ఖలాసీ సిద్ధరాములు ఇల్లు. నేత ఇంట పుట్టి, మగ్గం ముట్టకుండా బొంబాయి పోయి, ఏళ్లకేళ్లు ఓడల్లో పనిచేసి వచ్చాడు. ముసలితనంలో ఓడ మనుషులు కుట్టుకునేలాంటి కాన్వాసు సంచులు కుట్టేవాడు. సంచి మూతికీ పిడికీ తెల్లటి తాడుతో ముడి మీద ముడి — ఒకచోట జడలా, ఒకచోట చేప పొలుసుల్లా. ఆ ఎనభై ఆరులోనే, వానలు మొదలైనప్పుడు పోయాడు. ఒక సంచి సగంలోనే ఉండిపోయింది.

నేతగాళ్ల ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. మనిషి పోతే మగ్గం మీది బట్టను సగంలో కోయరు. ఇంకొకరు కూర్చుని నేసి దించాల్సిందే. లేకుంటే పోయినవాడు ఈ లోకం వదిలి పోలేడంటారు. సిద్ధరాములుకు ఎవరూ లేరు. పైగా అది బట్ట కాదాయె, సంచి. ఎవరికీ తోచలేదు.

గోడ ఇవతల ఇల్లు గంగమ్మది. మొగుడు లేడు. ఒక్కతే బిడ్డ, మంగళ. బీడీలు చుట్టి బతికే గంగమ్మ మాట పొదుపు మనిషి. ముసలాయన పోయిన కొద్ది రోజులకు బిడ్డ అరచేతుల్లో ఎర్రటి గీతలు చూసింది. అడగలేదు. అన్నం ముందు కూర్చుని పిల్ల గాలిలో ఏదో అల్లుతోంది... అదీ చూసింది.

"ఏందక్కా, నీ బిడ్డ ముఖం గట్ల గుంజుకపోయింది?" బీడీలు అప్పజెప్పే కాడ పోచమ్మ ఊరుకోలేదు. "ఖలాసీకి పెండ్లాం లేకుండె. పిల్లను పట్టిండేమో... జర చూస్కో మరి!"

"నీ నోట్లె మన్నువడ," అంది గంగమ్మ. అంతే. కానీ ఆ రోజు చుట్టిన బీడీలు సగం విడిపోయాయి.

ఆ రాత్రి కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. గంగమ్మ చెయ్యి చాపితే — పక్కన మంగళ లేదు.

సర్ర్‌ర్... టక్.

కందిలి ముట్టించబోతే పుల్లలు ఆరిపోయాయి. మూడో పుల్లకు అంటుకుంది; కందిలి పట్టుకుని బయటికొచ్చింది. దెయ్యమైతే దెయ్యమే... బిడ్డను దానికి వదిలి తాను బతికేదేముంది?

ఆ ఇంటి తలుపు దగ్గరికేసి ఉంది. నెట్టింది.

గది నడుమ మంగళ. ఒళ్లో సంచి. కళ్లు మూసుకుని, వేళ్లతో తడుముతూ ముడి వేస్తోంది.

"మంగళా..." కందిలి పిల్ల వైపు చాపింది గంగమ్మ.

"అయిపాయె అమ్మా... ఇదే ఆఖరి వరుస." పిల్ల కళ్లు తెరవలేదు. "తాతే నేర్పిండు. ఓడల చీకట్ల గూడ వేళ్లకే తెల్వాలనేటోడు. సగంల ఇడిస్తె తాత పోడు గదా... గందుకే నేను—"

గంగమ్మ కందిలి కింద పెట్టి గడప మీదే కూర్చుంది. ఇదా! పేటంతా వణికింది ఈ పిల్లకా! ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"దొంగదానా! నాతోని చెప్తె ఏమాయె?"

"చెప్పకున్నా నీకు తెల్సె గదా."

"నాకేడ తెల్సె?"

మంగళ వేళ్లు ఆగాయి.

"మరి... దినాం చీకట్ల అచ్చి తాడు కొస పట్టుకుంటున్నవు గదనే. బిగువు లేకుంటె ముడి కూసోదు. మగ్గం మీద పడుగు పోగులు అతికేటప్పుడు అవతలోళ్లు పట్టినట్టె... మాట్లాడకుంట, గట్టిగ..."

అప్పుడు చూసింది గంగమ్మ. బిడ్డ చేతిలోంచి తాడు సాగి ఉంది — కందిలి వెలుగు అందని మూల దాకా, నేలకు మూరెడెత్తున, బిర్రుగా.

మంగళ కళ్లు తెరిచింది. గడప మీది తల్లిని చూసింది. మెల్లగా... మూల వైపు తల తిప్పింది.

తాడు సడలలేదు.

కూర్చున్న మనిషి మోకాళ్ల మీద చెయ్యి ఆన్చి లేస్తే ఎట్లా ఉంటుందో, అట్లా — దాని అవతలి కొస మెల్లమెల్లగా పైకి లేచింది.