హలీమా వద్దన్న సూది

తెల్లవారుజామున నమాజు అయిన వెంటనే హలీమా కిరసనాయిలు స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. నిన్న సాయంత్రం గుడివాడ నుంచి పాసింజరులో దిగిన కూతురు షంషాద్ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. మామూలుగా అయితే బందరు ఇనుగుదురుపేటలోని ఆ ఇంట్లో ఈపాటికి హలీమా భర్త మజీద్ గొంతు వినిపించాలి. పాలవాడితో, పక్కింటివాడితో, ఎవరూ దొరక్కపోతే గోడ మీది కాకితోనైనా మాట్లాడే మనిషి. అద్దకం పనిలో ఆయన చేతికి ఎంత పేరో, నోటికీ అంతే పేరు.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు ఆయనకు దగ్గు పట్టుకుంది. చుట్టల వల్లేనని హలీమా తిట్టింది. నెమ్మని ఇరుగుపొరుగు తేల్చేశారు. ఊపిరితిత్తుల్లో క్యాన్సరని బెజవాడ డాక్టరు చెప్పేసరికి అది ఎముకల్లోకి కూడా పాకింది. "నయం చెయ్యడం మా చేతుల్లో లేదమ్మా. నొప్పి లేకుండా చూడటం మాత్రం ఉంది" అంటూ ఆయన మార్ఫియా ఇంజెక్షన్లు రాసిచ్చాడు. పేటలోనే ఉండే నర్సు రూతు ఇంటికొచ్చి వేస్తానంది. హలీమా ఒక్కటంటే ఒక్కటి వెయ్యనివ్వలేదు.

లోపల మంచం కిర్రుమంది. మజీద్ తలగడను రెండు చేతులా నొక్కిపట్టి పళ్ళు బిగించాడు. హలీమా పరుగున వెళ్ళి వీపు నిమిరింది. షంషాద్ చెంబు కింద పెట్టేసింది.

"రూతక్కని పిలుచుకొస్తాను అమ్మీ."

"ఎవర్నీ పిలవొద్దు. అది నల్లమందుతో చేసిందట. కల్లు వాసన కూడా ఎరగని మనిషికి ఇప్పుడు మత్తెక్కిస్తావా?"

"మందుకేగా అమ్మీ!"

"ఆఖరి ఘడియలో అల్లాని తలుచుకునే కలిమా నోటికి రాకపోతే? ఒళ్ళు తెలియకుండా పోతే? అల్లాకి నేనేం జవాబు చెప్పుకోవాలే?"

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. భయపడ్డ ఇల్లాలు వాడికన్నా గట్టిది. ఇన్నేళ్ళు కాపురం చేసి, చివరి అడుగులో భర్తకి తనే దారి తప్పిస్తానేమోనని హలీమా దిగులు. ఆ దిగులుతో కంటి మీద కునుకు మానేసింది. మంచం దగ్గరికి ఇంకొకర్ని రానివ్వడం కూడా మానేసింది.

షంషాద్ వెళ్ళనే వెళ్ళింది. రూతు సంచీతో వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది.

"పిన్నిగారూ, మీరు వద్దంటే వెళ్ళిపోతానండీ."

"వద్దమ్మా. వెళ్ళు."

షంషాద్ ఇక ఆగలేకపోయింది. "అబ్బా నోట అల్లా పేరు విని ఎన్నాళ్ళైంది అమ్మీ? నువ్వే చెప్పు!"

హలీమా మొహం తిప్పుకుని మళ్ళీ ఆయన వీపు నిమరసాగింది. షంషాద్ ఆపలేదు.

"రాత్రి నుంచీ చూస్తున్నాను. నమాజు మొదలెట్టి సగంలో పళ్ళు బిగిస్తున్నారు. ఖురాన్లో ఒక్క సూరా పూర్తి చెయ్యలేక ఏడుస్తున్నారు. కలిమాని మందు ఎత్తుకుపోతుందని నువ్వు భయపడుతున్నావు. నొప్పి దాన్ని ఎప్పుడో ఎత్తుకుపోయింది!"

రూతు మెల్లగా అంది. "పోనీ బాబాయిగారినే అడుగుదామండీ. ఇంతవరకూ ఆయన్నెవరూ అడగలేదు కదా."

నిజమే. మనిషి ఎదురుగా ఉండగానే ఆయన గురించి అందరూ వాదించారు. ఎవరూ అడిగేలోపే మజీద్ చొక్కా చెయ్యి పైకి లాక్కోబోయాడు. అది మోచేతి దగ్గర ఆగిపోయింది. హలీమా ఆ చేతిని చూసింది. తర్వాత పక్కన కూర్చుని, చొక్కా చెయ్యి తనే పైకి మడిచి పట్టుకుంది.

"మొదటిసారి బాగా నిద్రపోతారు, భయపడకండి. సాయంత్రం మళ్ళీ వస్తాను" అని చెప్పి, సూది వేసి రూతు వెళ్ళింది. భయపడకుండా ఉండటం హలీమా వల్ల కాలేదు. మాటిమాటికీ ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంది. చేజేతులా చేశానా దేవుడా అని లోలోపల కుమిలిపోయింది.

మధ్యాహ్నం అజాన్ వినిపించేసరికి మజీద్ కళ్ళు తెరిచాడు.

"ఏంటలా చూస్తావు, పెళ్ళిచూపులకొచ్చినట్టు?"

హలీమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వెక్కిరింపు వినక ఎన్నాళ్ళైందో!

షంషాద్ నీళ్ళు తెచ్చి ఆయన చేతులూ ముఖం కడిగించింది. గోడకి ఆనుకుని కూర్చుని, తల వంచుతూ ఎత్తుతూ, ఒక్క మాట తడబడకుండా ఆయన నమాజు పూర్తి చేశాడు. తర్వాత చేతులు చాపి చాలాసేపు దువా చేశాడు.

"ఏమడిగారండీ అంతసేపు?"

"నీకు నిద్ర పట్టించమని అడిగాను. నా రోగం నేను పడుతున్నాను హలీమా. నా జాగారం కూడా నువ్వెందుకు చెయ్యాలి?"

హలీమా భోరుమంది. "మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఏడిపించాను. నేనే సూది వద్దన్నాను."

"నా మంచికే అన్నావులే. ఇక పడుకో."

ఆమె మంచం పక్కనే చాప పరుచుకుంది. కళ్ళు మూతలు పడుతుండగా కూతురి వైపు తిరిగింది.

"సాయంత్రం రూతమ్మ వచ్చేసరికి నేను లేవకపోతే, తలుపు నువ్వు తియ్యవే."