ఇరవై వాషర్లు

"బ్రేకులు ఫెయిలయ్యాయని రాశావు," అన్నాడు చీఫ్, ఫైలు మీంచి తల ఎత్తకుండా.

"యస్ సర్," అన్నాడు ఏజెంట్ లెవెన్.

ఏ భాషలో కావాలంటే ఆ భాషలో, రెప్ప వేయకుండా అబద్ధం చెప్పగల మనిషి. ఆ రెండు ముక్కలు అనడానికి మాత్రం టై సర్దుకోవాల్సి వచ్చింది.

వారం కిందటి సంగతి అది. డిపార్ట్‌మెంట్ జీతం తింటూనే విదేశీ ముఠాకు రాడార్ కోడ్స్ అమ్ముకుంటున్న డబుల్ ఏజెంట్ 'నెమలి'ని లెవెన్ తన స్పోర్ట్స్ కారులో తరిమాడు. కొండ రోడ్డు మలుపులో ఆమె ఇంకేం దొరికిపోయింది అనగా, అతని కారు పిట్టగోడను గుద్దుకుంది. నెమలి ఎగిరిపోయింది. అతని రిపోర్టు చదివి, ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న వర్క్‌షాప్ మెకానిక్‌ని ఆ సాయంత్రమే సస్పెండ్ చేశారు.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. కోడ్స్ ఉన్న మైక్రోఫిల్మ్ ఇంకా నెమలి దగ్గరే ఉంది. ముఠా షిప్ ఇవాళ సాయంత్రం ఐదున్నరకు రేవు వదులుతుంది. మనసు మారిందనీ, ఫిల్మ్ తిరిగి ఇచ్చేస్తాననీ ఆమె కబురు పెట్టింది. లెవెన్ ఒక్కడే తన కారులో ఐదుంబావుకు రేవుకి రావాలి. కారు దిగకూడదు. గుర్తు, తెల్ల గొడుగు.

"ట్రాప్ అని నాకూ తెలుసు. వేరే దారి లేదు," అన్నాడు చీఫ్. "కొత్త బ్రేకులు వేయించాం. ఇక భయం లేదుగా?"

లేదన్నాడు లెవెన్. బ్రేకులకు ఏమీ కాలేదనీ, మలుపులో కదిలింది సీటనీ అతనొక్కడికే తెలుసు. అది ఇప్పటికీ కదులుతోంది. వర్క్‌షాప్‌లో చూపిస్తే బండారం బయటపడుతుంది. బయట ఆ కారు మీద చెయ్యి వేయగలవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. సిగ్గు విడిచి ఆ ఇంటికే వెళ్ళాడు.

డిపార్ట్‌మెంటంతా 'బాబాయ్' అని పిలిచే మెకానిక్ ఇల్లది. ఆయన భార్య కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. కింద చాప మీద, బాబాయ్ ముందు, పాత క్యాలెండర్ కాగితాలు పరిచి ఉన్నాయి. వాటి వెనక పెన్సిల్‌తో గీసిన బ్రేక్ లైన్లు, చెరిపి మళ్ళీ గీసిన గుర్తులు.

"వారం నుంచీ ఇదే పని," అందామె. "తన చేతుల్లో ఎక్కడ పొరపాటు జరిగిందా అని వెతుక్కుంటున్నారు. సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. మీకు దెబ్బలేం తగల్లేదుగా బాబూ?"

లెవెన్‌కి తల కొట్టేసినట్టయింది. నిందపడ్డ మనిషి ఆ నిందను నమ్మేశాడు. గ్లాసులోకి చూస్తూ, సీటు కొంచెం లూజుగా ఉంది బాబాయ్, అని మాత్రం అన్నాడు.

బాబాయ్ టూల్ బాక్స్ తీసుకుని కారు దగ్గరికి నడిచాడు. బటన్ నొక్కి సీటును ముందుకు పంపి వెనక బోల్టులు విప్పాడు. వెనక్కి పంపి ముందు బోల్టులు విప్పాడు. బ్యాటరీ తీగ తప్పించి, సీటు అడుగున వైర్లు ఊడదీసి, మొత్తం పైకెత్తాడు. వాషర్లు గలగల రాలాయి. ఒక్కో బోల్టు చోట ఐదు. మొత్తం ఇరవై.

"ఇవెవరు పెట్టారు?"

లెవెన్ నేల చూపులు చూశాడు. ఎత్తులో అతను అంతంత మాత్రం. నిఘా పేరుతో నెల రోజులు నెమలిని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు. బటన్ నొక్కితే సీటు లేచినంతా లేచింది. అయినా ఆమె భుజానికి పైన తన భుజం రాలేదు. ఒక ఆదివారం తలుపులేసుకుని తనే సీటు కింద వాషర్లు పేర్చాడు. బోల్టుకు పట్టు చాల్లేదు. మలుపులో సీటు వెనక్కి వాలి, కాలు బ్రేకు దాకా అందలేదు.

"నేనే," అన్నాడు.

"అయితే బ్రేకులు..."

"బాగానే ఉన్నాయి బాబాయ్. అబద్ధం రాశాను."

బాబాయ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. "బాగానే ఉన్నాయా," అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. తిడతాడని లెవెన్ ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకుని స్పానర్ అందుకున్నాడు.

"ఎత్తు కావాలంటే నన్నడగాల్సింది బాబూ. పొడుగు బోల్టులు వేసేవాణ్ణి."

అంతకంటే పెద్ద శిక్ష చీఫ్ కూడా వేయలేడు.

వాషర్లు లేకుండా సీటు బిగించి, కాళ్ళు పెడల్స్‌కు ఆనేలా బాబాయ్ దాన్ని కిందికంటా దించాడు. లెవెన్ మళ్ళీ పైకి లేపుకోలేదు. లేపుకోవడానికి మొహం చెల్లలేదు.

ఐదుంబావు. రేవు. పది నిమిషాలు కాయించి, తెల్ల గొడుగు కింద నెమలి చిరునవ్వుతో వచ్చింది. అద్దం దించమని సైగ చేసి, మైక్రోఫిల్మ్ దాచిన లిప్‌స్టిక్ చూపించింది. అద్దం దిగగానే ఒక్కడుగు పక్కకు తప్పుకుంది. ఆమె వెనక ఆగి ఉన్న వ్యాన్ లోంచి తుపాకీ పేలింది. లెవెన్ నడినెత్తి మీద జుట్టు చెదిరింది. బుల్లెట్ అవతలి బుల్లెట్‌ప్రూఫ్ అద్దంలో దిగబడింది, సరిగ్గా ఇవాళ పొద్దుటి దాకా అతని కణత ఉండే ఎత్తులో.

నెల రోజులూ ఆమె ఓరగా చూస్తుంటే తన అందానికి మురిసిపోయాడు. ఆమె చూసింది కొలత.

కఫ్‌లింక్ ట్రాన్స్‌మిటర్‌లో కోడ్ వర్డ్ చెప్పి, దూరంగా దాక్కుని ఉన్న డిపార్ట్‌మెంట్ కమాండోలకు వ్యాన్ అప్పజెప్పాడు. నెమలి అప్పటికే తన కారెక్కి షిప్ ర్యాంప్ వైపు దూసుకుపోతోంది. టైమ్ ఐదూ ఇరవై తొమ్మిది. ర్యాంప్ లేవడం మొదలైంది. లెవెన్ ఆమెను దాటి, నీటి అంచున స్టీరింగ్ తిప్పి, బ్రేకు మీద ఒంట్లో బలమంతా పెట్టాడు. సీటు వెంట్రుకవాసి కదల్లేదు. అడ్డంగా ఆగిన కారుకు జానెడు దూరంలో ఆమె కారు ఆగింది.

"ఎత్తు కరెక్టుగానే చెప్పానే," అంది నెమలి బేడీలు పడుతుంటే.

"తప్పు మీది కాదు మేడమ్," అన్నాడు లెవెన్. "నాది."

ఆ మాటే రిపోర్టులో రాశాడు. లిప్‌స్టిక్ పక్కన, జేబు రుమాల్లో మూటగట్టిన ఇరవై వాషర్లు చీఫ్ బల్ల మీద పెట్టాడు. చీఫ్ రెండూ చూసి, బాబాయ్ సస్పెన్షన్ ఆ నిమిషమే రద్దు చేశాడు. లెవెన్‌ని మూడు నెలలు ఫీల్డ్ డ్యూటీ నుంచి తప్పించి వర్క్‌షాప్‌కి హెల్పర్‌గా పంపాడు.

సోమవారం ఉదయం బాబాయ్ పై అరలో ఉన్న స్పానర్ అడిగాడు. లెవెన్ మునివేళ్ళ మీద లేచాడు. అందలేదు. వర్క్‌షాప్ అంతా చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

బాబాయ్ కాలితో స్టూలు జరిపాడు.

"ఎక్కు బాబూ. కదలదు. నేనే బిగించాను."