మొదటి దెబ్బ లెక్కలోకి రాదు

"గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి!"

ఆ అరుపుకి సైట్ ఇంజినీర్ చేతిలోని కాంక్రీటు ముక్కను కాలిమీద వేసుకున్నంత పని చేశాడు.

"కాంక్రీటేగా మేడమ్, కందిపోతుందా?"

"మీ చేతి చెమట అంటుతుంది. నేను వెతికేదేమో ఉప్పు."

ల్యాబ్‌లో ఆమెను అందరూ లేజరమ్మ అంటారు. ఆవగింజంత చోట లేజర్‌తో ఒక్క దెబ్బ వేస్తే కాంక్రీటు భగ్గున మెరుస్తుంది. ఆ మెరుపులోని రంగుల్ని విడదీసి, లోపల ఏముందో చెప్పడం ఆమె పని. సముద్రం ఒడ్డున పాత లైబ్రరీని ఉప్పు ఇసుకతో కట్టారని పుకారు. అదే నిజమైతే లోపలి చువ్వలు తుప్పు పడతాయి, బిల్డింగ్ కూల్చేస్తారు.

ముక్క ఇచ్చేసిన మనిషి మళ్ళీ రానక్కర్లేదు. కానీ ఏదో వంకతో అతను వస్తూనే ఉన్నాడు.

"వాన పడుతోంది. కాసేపు లోపల నిలబడనా?"

"చేతిలో గొడుగుందిగా?"

"ఇది మా నాన్నదండీ. తడిపితే ఊరుకోడు."

లేజరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ గొడుగు పిడి మీద కొద్దిగా వంకరపోయిన అతని చిటికెనవేలును కూడా చూసింది. చూసినట్టు మాత్రం కనపడనివ్వలేదు.

ఒకరోజు ఆమె ముక్కను కోసి బల్లమీద పెట్టాక అతను నెమ్మదిగా అన్నాడు. "ఆ లైబ్రరీకి హెడ్ మేస్త్రి మా నాన్నే. ఉప్పు ఇసుక మాట విన్నప్పట్నుంచీ ఇంట్లో సరిగ్గా అన్నం తినడం లేదు."

"ముందే చెప్పాలి కదా!"

"చెబితే జాలిపడతారేమోనని."

"మెషీన్‌కి జాలి ఉండదు. రిపోర్టు వచ్చేదాకా ఇటు రాకండి."

గ్లవ్స్ తెచ్చుకోవడానికి ఆమె పక్కగదిలోకి వెళ్ళి వచ్చేసరికి అతను లేడు. గొడుగు మాత్రం మూలనే ఉంది. అంత కటువుగా అనకుండా ఉండాల్సిందని ఆమె మనసు చివుక్కుమంది.

లేజర్ ఒక్కో వరుస కొట్టుకుంటూ పోతోంది. ఉప్పున్న చోట స్క్రీన్ మీద ఎర్రచుక్క పడుతుంది. ఒకటి పడింది. తర్వాత గుంపులుగా పడ్డాయి. ఆమెకు ఉన్నది ఉన్నట్టు రాయక తప్పదు. ఆ రాత చదివే పెద్దాయన ముఖం, పక్కన నిలబడే అతని ముఖం తలుచుకుంటేనే కళ్ళు చెమ్మగిల్లాయి.

మచ్చ పెరిగి పెరిగి పైన ఐదు పాయలుగా చీలింది. ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

అరచెయ్యి! చిటికెనవేలు వంకరతో సహా!

"ఎంత చెప్పినా వినడు కదా!" అని పైకే తిట్టి, పగలబడి నవ్వింది. అదే చోట మళ్ళీ లేజర్ కొట్టింది. మొదటి దెబ్బకి పైన అంటినదంతా కాలిపోయింది. రెండో దెబ్బకి లోపలి కాంక్రీటు బయటపడింది. అందులో ఉప్పు లేదు. ముక్కంతా వెతికినా లేదు.

కబురు అందగానే జోరువానలో తండ్రీకొడుకులు తడిసి ముద్దై వచ్చారు.

"మీ కాంక్రీటు శుభ్రంగా ఉందండీ. ఉప్పంతా మీ అబ్బాయిదే" అంటూ ఆమె స్క్రీన్ చూపించింది.

పెద్దాయన కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు తిరిగాడు. "ముట్టుకోవద్దని ఈ అమ్మాయి చెప్పలేదట్రా?"

"చెప్పింది నాన్నా. కూల్చేస్తే మళ్ళీ దొరకదని... నువ్వు పోసింది కదా, ఒక్కసారి చెయ్యి వేయాలనిపించింది."

లేజరమ్మకు తిట్టాలని దాచుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియలేదు.

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మూలనున్న గొడుగు తీసి ఆమె చేతికే ఇచ్చాడు. "మీరిద్దరూ మెల్లిగా రండమ్మా. నేనెలాగూ తడిసే ఉన్నాను" అంటూ వానలోకి నడిచాడు.

"ఆ గొడుగును నన్నెప్పుడూ తడపనివ్వలేదు నాన్న!" అని అతను నోరెళ్ళబెట్టాడు. ఆ తర్వాత తల గోక్కున్నాడు. "మొదటిరోజే తిట్లు తిన్నాను. ఇక నా మీద మీకు మంచి అభిప్రాయం ఎక్కడుంటుంది లెండి."

"మొదటి దెబ్బ లెక్కలోకి రాదు. అది పైపై మురికి పోవడానికే."

"మరి లోపల ఏం కనిపించింది?"

ఆమె స్క్రీన్ మీది ఎర్రటి అరచేతిని ఓసారి చూసి, తన చెయ్యి చాపింది.

"గ్లవ్స్ వేసుకోనా?" అన్నాడు.

"అక్కర్లేదు" అంది.