పదకొండు గంటలకు మేలుకునే జీన్

పిస్కాటవే ఊళ్లోని ఒక పార్కింగ్ లాట్‌లో ఏజెంట్ నీరజ్ హత్య జరిగి పద్నాలుగు నెలలైంది. ఆ రోజు అతనికి కాపలాగా ఉండాల్సిన రేణు ఆరు నిమిషాలు ఆలస్యంగా చేరింది. అతని చివరి ఫోన్‌కాల్ ఇప్పటికీ ఆమె చెవిలో మోగుతుంది. "రేణూ, ఎక్కడున్నావ్?"

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

"మోరిస్‌విల్‌లో ఒక ప్రైవేట్ ల్యాబ్," అన్నాడు చీఫ్ ఈశ్వర్. "నీరజ్ వెంటాడిన విదేశీ ముఠాదే. చిన్న ఫ్లాస్క్‌లో బాక్టీరియా. అందులో విషం తయారుచేసే జీన్ ఉంది, ప్రస్తుతానికి నిద్రలో. ఆ జీన్ ముందుండే ప్రమోటర్ అనే స్విచ్ మీద రెండు ప్రొటీన్లు పక్కపక్కన కూర్చుంటేనే అది మేలుకుంటుంది. ఒకటి సిద్ధం. రెండోది పదకొండింటికి తయారవుతుంది. తర్వాత ఫ్లాస్క్‌ని ఏసీ డక్ట్‌లో పగలగొడతారు. కొనేవాళ్లకి డెమో."

"బిల్డింగ్‌లో ఎంతమంది?"

"నాలుగొందలు. ఖాళీ చేయిస్తే ఫ్లాస్క్‌తో మాయమైపోతారు. లోపల మనకో మనిషి ఉన్నారు. ఎవరో నీరజ్‌కే తెలుసు. కోడ్ వర్డ్ మాత్రం నీకు చెప్పాడుగా?"

పది యాభై ఆరు. ఫైర్ ఇన్‌స్పెక్టర్ వేషంలో, చేతిలో మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో రేణు ల్యాబ్‌లో అడుగుపెట్టింది. సిలిండర్ గేజ్ వెనక కెమెరా ఉంది. ఎదురుగా తెల్లకోటులో ఒక అందగత్తె. అంకిత. నీరజ్ హత్యకేసులో మొదటి అనుమానితురాలు.

రేణు అడిగింది. "ఇక్కడ ఫిల్టర్ కాఫీ దొరుకుతుందా?"

"డికాక్షన్ అయిపోయింది," అంది అంకిత.

అదే కోడ్. రేణు పిస్టల్ తీసింది. "ఆ మాట నీకెవరు చెప్పారు?"

"నీరజే. ప్రాణం పోయేముందు, నీ పేరుతో పాటు. అతని మనిషిలా నటించి అతన్ని అక్కడికి రప్పించింది నేనే రేణూ. అప్పటిదాకా వాళ్ల మనిషిని. ఆ తర్వాత కాలేకపోయాను." ఆమె ఫ్లాస్క్ చూపించింది. "రెండో ప్రొటీన్ తయారవుతోంది. సీల్ తియ్యలేం. కానీ ఆ ప్రొటీన్ చలికి ముడుచుకుపోతుంది. అది ఊడిపోతే మొదటిది ఒక్కటే ప్రమోటర్‌ని పట్టుకుని ఉండలేదు. నీ సిలిండర్‌లోంచి వచ్చే చల్లటి గ్యాస్ చాలు."

"అబద్ధమైతే?"

"అయితే నన్ను కాల్చడానికి రెండు నిమిషాలు మిగులుతాయి."

ఫ్లాస్క్ పక్కనున్న స్క్రీన్ మీద పచ్చగీత లేచింది. జీన్ మేలుకుంటోంది.

రేణు పిస్టల్ దించి నాజిల్ తిప్పింది. తెల్లటి పొగ గది నిండా కమ్మింది. గ్యాస్ ఒత్తిడికి ఫ్లాస్క్ దొర్లబోతే అంకిత వట్టి చేతులతో పట్టుకుంది. మంచు కట్టిన గాజుకు ఆమె వేళ్ల చర్మం అంటుకుపోయింది. వదల్లేదు.

పది యాభై తొమ్మిది దాటి నలభై సెకన్లకు పచ్చగీత ఆగింది. మళ్లీ లేవలేదు.

అప్పటికే కింది అంతస్తులో రేణు టీమ్ ముఠాను చుట్టుముట్టింది.

అంకిత చేతులకు కట్టుకడుతూ రేణు మెల్లగా అడిగింది. "అతను ఇంకేమన్నాడు?"

"నువ్వు ట్రాఫిక్‌లో ఉండుంటావన్నాడు. తిట్టలేదు."

రేణు కట్టు చివర ముడి వేసింది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "ఇంతకీ ఆమె మన మనిషా, వాళ్ల మనిషా?"

"రెండు గళ్లూ టిక్ చేస్తాను సర్," అంది రేణు. "మీ ఫారం ఒప్పుకుంటే."