పగతో పోసిన పెసరట్టు

సువర్ణగిరి రాజ్యంలో పొయ్యిలు చల్లారిపోయాయి. ఇళ్లలోని నెయ్యి, బెల్లం అంతా గజోదరుడనే రాక్షసుడి బూరెలకే చాలేది కాదు. బూరెలు ఆలస్యమైతే వాడు వంటవాళ్లను తన గుహలోని గోతిలోకి తోసి, పైన బండ కప్పి, దానిమీద కూర్చునేవాడు. మల్లయోధులంతా కలిసి తోసినా వాడు కదిలేవాడు కాదు. రాజుగారి వంటమనిషి తిరుపాలమ్మ కూడా ఆ గోతిలోనే ఉంది.

ఆమె కూతురు చెంగలి ఏడవలేదు. తల్లి పెనమూ అట్లకాడా మూటగట్టుకుని, "వాణ్ణి వదలను" అంటూ బయలుదేరింది.

మొసళ్ల వాగు, ముళ్ల అడవి దాటాక కాలు విరిగిన ముని ఒకడు కనిపించి, ఆమె వెళ్లే పనేమిటో అడిగి తెలుసుకున్నాడు.

"వాడి బలమంతా బరువేనమ్మా. అది తగ్గిద్దామని రోజూ పొద్దున్నే జావ పోశాను" అన్నాడు.

"రోజూ జావేనా తాతా?"

"జావే. విసుగెత్తి నన్ను గిరాటేశాడు."

చెంగలికి నవ్వొచ్చింది. ఉపాయమూ తోచింది.

గుహలో గజోదరుడు బండమీదే కూర్చుని ఆయాసపడుతున్నాడు. "బూరెలేవే పిల్లా?"

"అవి తినే మీరు లేవలేకపోతున్నారు దొరా. నా పలహారం తినండి. రాజుగారి సింహాసనం దాకా మీరే నడిచి వెళ్తారు."

రాక్షసుడి కళ్లు మెరిశాయి. "జావ పోశావో, నిన్నూ విసిరేస్తాను."

"దాని మొహం కూడా చూపించను."

చెంగలి అల్లం పెసరట్టు పోసి, మొదటిదాన్ని బండ పగులులోంచి లోపలికి జారవిడిచింది.

"అదేమిటి?" అని వాడు గర్జించాడు.

"తొలి అట్టు పెనానికి అంటుకుంటుంది. మా ఇంట్లో అది నేలతల్లికే. మీకు చిరిగిన అట్టు పెట్టమంటారా?"

"వద్దు. మంచిదే పెట్టు."

కింద తిరుపాలమ్మ ఒక ముక్క కొరికి, కూతురి చేతిరుచి గుర్తుపట్టి, బండను మెల్లగా తట్టింది.

మర్నాడు కూరముక్కలు వేసిన కొర్రల ఉప్మా. ఆ తర్వాత నిమ్మరసం పిండిన పెసర మొలకలు, మునగాకు జొన్నరొట్టె. నెయ్యి చుక్క లేదు, బెల్లం పలుకు లేదు. ఏం వండినా మొదటి వాయి నేలకే. రేపేం పెడుతుందోనన్న ఆశలో వాడు బూరెల మాటే మరిచాడు. పైన పొట్ట కరిగేకొద్దీ కింద చేతులకు సత్తువ వచ్చింది.

ఒక ఉదయం వాడు పొట్ట తడుముకున్నాడు. "తేలికయ్యాను. ఇవాళే మీ రాజ్యం మీద పడతాను. ముందు నిన్నే నలిపేస్తాను."

"ఆఖరి అట్టు తినిపోండి దొరా" అంటూ చెంగలి అట్లకాడతో బండను తట్టింది.

కిందివాళ్లంతా ఒక్కసారి పైకి తోశారు. బండ లేచింది, వాడు దొర్లిపడ్డాడు. వంటవాళ్లు పైకొచ్చి, వాణ్ణి కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి, గోతిలో పడేసి, బండ కప్పి, దానిమీద కొండరాళ్లు పేర్చారు.

"వదిలెయ్యవే చెంగలీ" అని వాడు బతిమాలాడు.

"మా అమ్మా ఇలాగే అడిగిందట. మీరు ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారట."

రాజు చెంగలిని ఆ కొండసీమకు ఏలికను చేశాడు. ఇళ్లలో పొయ్యిలు మళ్లీ రాజుకున్నాయి. బూరెలు పండగలకు వండుకుంటున్నారు. చెంగలి మాత్రం రోజూ పొద్దున్నే స్వయంగా వెళ్లి, బండ పగులులోంచి ఉప్పులేని జావ పోస్తుంది.

"కాస్త అల్లమైనా వెయ్యవే" అని లోపలినుంచి గొంతు వినిపిస్తుంది.

"జావే దొరా" అని చెంగలి గిన్నె కడుక్కుని వెళ్లిపోతుంది.