జెండాకి జవాబు

సముద్రం మీద ఎదురుపడ్డ ఓడలు కూతలతో మాట్లాడుకుంటాయి. ఒక్క కూత కూస్తే "కుడికి తిరుగుతున్నాను" అని అర్థం. ఒక సరుకుల ఓడ కెప్టెన్ కుడికని కూత కూసి, ఎడమకి తిరిగి కోత కోశాడు. రేవులోకి ఓడలకి దారి చూపే పైలట్ బోటు ఎదురొచ్చి రెండు ముక్కలైంది. అందులో ఉన్న ఒక సీక్రెట్ ఏజెంట్ వాళ్ళన్నయ్య పోయాడు.

విచారణలో కెప్టెన్ "పొరపాటు" అన్నాడు. వదిలేశారు.

"ఇప్పుడు వాడు మన సబ్‌మెరైన్ ప్లాన్లు అమ్ముతున్నాడు," అన్నాడు చీఫ్ ఏజెంట్‌తో. "రేపు ఒక చేపల ఓడ పక్కగా వెళ్తూ ప్లాన్ల పెట్టె అందులోకి విసురుతాడు. అది చేపల ఓడ కాదు, పరాయి నేవీ. రుజువు దొరికితే వాడికి ఉరి. లేదంటే మళ్ళీ పొరపాటే."

"కాల్చేస్తాను సార్."

"వాడి ఓడలో నీది వంటవాడి వేషం. రొట్టెలు కాల్చు. అక్కడ రేడియో ఆఫీసరమ్మ మన మనిషే... బహుశా."

"బహుశా ఏంటి సార్?"

"ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటోంది."

మర్నాడు సాయంత్రం కెప్టెన్ చెంచా విసిరికొట్టాడు. "ఒరేయ్, ఇది సూపా, సముద్రమా?"

"రెండూ ఉప్పేనండి," అన్నాడు ఏజెంట్, గరిటె పిడిలో దాచిన పిస్టల్ తడుముకుంటూ.

ఇంతలో చేపల ఓడ దగ్గరికొచ్చింది. దాని దీపం మూడుసార్లు మిణుకుమంది. కెప్టెన్ పెట్టెతో రెయిలింగ్ దగ్గరికి నడిచాడు. వెనక నుంచి ఏజెంట్ గరిటె గురిపెట్టాడు. వేలు దురద పెడుతోంది. అప్పుడు అన్నయ్య మాట గుర్తొచ్చింది: "సరుకుల ఓడ జెండా సగం దించితే నేవీ ఓడ కూడా తన జెండా దించి బదులివ్వాలిరా, అది సముద్ర మర్యాద. నేవీవాడు వేషం మార్చినా చెయ్యి ఊరుకోదు."

ఏజెంట్ ఓడ వెనక భాగానికి పరుగెత్తి జెండా తాడు పట్టుకున్నాడు. ఎర్ర లిప్‌స్టిక్ రేడియో ఆఫీసరమ్మ అడ్డమొచ్చి పిస్టల్ తీసింది.

"ఏం చేస్తున్నావ్?"

"మర్యాద," అని జెండా సగం దించాడు.

అవతలి ఓడలో చిరుగుల బనీనుతో వల కుడుతున్న జాలరి ఎగిరి లేచాడు. పరుగున వెళ్ళి తన జెండా దించాడు. మడమలు కలిపి సెల్యూట్ కూడా కొట్టాడు! పక్కవాడు వాడి నెత్తిన మొట్టేలోపే ఆఫీసరమ్మ లిప్‌స్టిక్‌లో దాచిన కెమెరా క్లిక్‌మంది.

"ఎవడ్రా జెండా దించింది?" కెప్టెన్ పెట్టె విసరబోయాడు. ఆమె పిస్టల్ అటు తిరిగింది.

"కింద పెట్టండి కెప్టెన్ గారూ."

"నువ్వు నా మనిషివి కదా!"

"జీతాల రోజు వరకేనండి."

పెట్టె డెక్ మీదే ఉండిపోయింది. చేపల ఓడ వల కూడా తీసుకోకుండా పారిపోయింది.

బేడీలతో కెప్టెన్‌ని స్టీరింగ్ గదికి తెచ్చారు. "ఎవడివిరా నువ్వు?"

"మీ పొరపాటుకి తమ్ముణ్ణండి."

ఏజెంట్ హారన్ నొక్కాడు. ఒక్క కూత. చక్రం నిజంగానే కుడికి తిప్పాడు. అటే తీరం, పోలీసులు, కోర్టు, ఉరికొయ్య.

"సూపు తాగేయండి సార్," అన్నాడు. "జైల్లో ఉప్పు కూడా వెయ్యరట."